ద మ్యాన్ ఫ్రమ్ ఎర్త్ (2007): ఒక్క గది, ఎనిమిది మంది, అన్నీ మాటలే. ఇది సైన్స్ ఫిక్షన్ సినిమాయేనా?

నిశాచరి:

తక్కువ బడ్జెట్ సైన్స్ ఫిక్షన్ మాటొస్తే చాలామంది ఒకటే అంటారు: చూపించడానికి డబ్బుల్లేవు, అందుకే మాటలతో నెట్టుకొచ్చారు అని. రిచర్డ్ షెంక్‌మన్ తీసిన ద మ్యాన్ ఫ్రమ్ ఎర్త్ మీద కూడా ఇదే తీర్పు, అందుకే దీన్ని ఎవరూ పట్టించుకోలేదు. సుమారు 2 లక్షల డాలర్లలో తీసిన సినిమా ఇది. హాలీవుడ్ లెక్కల్లో అది డబ్బే కాదు. నేననేది ఏమిటంటే, దీనికి వంద రెట్లు డబ్బిచ్చినా ఇలాగే తియ్యాలి. ఇంకోలా తీస్తే కథ నిలవదు.

చూడనివాళ్ల కోసం రెండు ముక్కల్లో కథ. జాన్ ఓల్డ్‌మన్ అనే ప్రొఫెసర్ ఉద్యోగం మానేసి ఊరొదిలి వెళ్లిపోతుంటాడు. వీడ్కోలు చెప్పడానికి తోటి ప్రొఫెసర్లు ఇంటికొస్తారు. ఉన్నట్టుండి ఎందుకెళ్తున్నావని పట్టుబట్టి అడిగితే, తాను రాతియుగం మనిషిననీ, వయసు 14,000 ఏళ్లనీ, ముప్పై ఐదు దగ్గర ముసలితనం ఆగిపోయిందనీ చెప్తాడు. తనకి వయసు పెరగట్లేదని జనం గమనించేలోపు, పదేళ్లకోసారి మకాం మార్చేస్తాడట. మిగతా సినిమా అంతా వాళ్లు ప్రశ్నలు వెయ్యడం, అతను జవాబు చెప్పడం. ముగింపు గురించి కూడా కింద మాట్లాడుకుంటాం కాబట్టి చూడాలనుకునేవాళ్లు చూసొచ్చి చదవండి.

ఇప్పుడు ఈ కథలో ఒక్క పది సెకన్ల ఫ్లాష్‌బ్యాక్ పెట్టి చూడండి. మంచు మైదానం, వేటగాళ్ల గుంపు, మధ్యలో జాన్. అంతే, సినిమా అయిపోయింది. కెమెరా చూపించిందంటే ప్రేక్షకుడి లెక్కలో అది జరిగిపోయినట్టే. జాన్ నిజం చెప్తున్నాడా, ఆడుకుంటున్నాడా, మతి చెడిందా అన్న ప్రశ్నే మిగలదు. ఆ గదిలో ఉన్నవాళ్ల కంటే మనకి ఎక్కువ తెలిసిపోతుంది, వాళ్ల అనుమానాలు మనకి పిచ్చిగా కనిపిస్తాయి. ఏమీ చూపించలేదు కాబట్టే మనం కూడా ఆ గదిలో ఇంకో అతిథిలా కూర్చుంటాం.

వచ్చినవాళ్లెవరో కూడా చూడండి. జీవశాస్త్రం, మానవశాస్త్రం, పురావస్తు శాస్త్రం, చరిత్ర, తర్వాత వచ్చి చేరే మానసిక వైద్యుడు. ఒక్కొక్కరూ తమ సబ్జెక్టు పట్టుకుని అతని మాటని పరీక్షిస్తారు. నువ్వు చెప్పేదంతా పుస్తకాల్లో ఉన్నదేగా అంటే, అప్పుడు నేనెక్కడున్నానో నాకూ తర్వాత మీ పుస్తకాలు చదివాకే తెలిసింది అన్న అర్థం వచ్చేలా చెప్తాడు. ఆలోచిస్తే అందులో తప్పేం లేదు. మంచుయుగంలో నడిచినవాడికి తాను నడుస్తున్నది మంచుయుగమని ఎవరు చెప్తారు? రుజువు చెయ్యలేని, అలాగని తప్పని కొట్టెయ్యలేని మాటని చదువుకున్నవాళ్ల మధ్య పడేస్తే వాళ్లేం చేస్తారు అన్నదే ఇక్కడి ప్రయోగం. దీనికంటే సూటిగా సైన్స్ గురించి మాట్లాడే సినిమాలు నేను చాలా తక్కువ చూశాను.

ఫ్రేమ్24:

నిశాచరి గారూ, కథ బాగుంది, ఆలోచన బాగుంది. దాంట్లో నాకు పేచీ లేదు. కానీ మీరు మెచ్చుకుంటున్నది స్క్రిప్టుని, సినిమాని కాదు. కళ్లు మూసుకుని విన్నా పోయేదేమీ లేకపోతే దాన్ని సినిమా అని ఎందుకనాలి? దర్శకుడే తర్వాత దీన్ని స్టేజి నాటకంగా మార్చాడు. పెద్దగా కష్టపడి ఉండడు, ఎందుకంటే అది మొదట్నుంచీ నాటకమే.

చూడ్డానికి ఎలా ఉందో కూడా ఒప్పుకుందాం. డీవీఎక్స్100 లాంటి వీడియో క్యామ్‌కార్డర్లతో తీశారు. రాత్రి సీన్లలో గ్రెయిన్ (చుక్కచుక్కల మసక) తేలిపోతుంటుంది, లైటింగ్ టీవీ సీరియల్‌లా ఉంటుంది. సంగీతం ఇప్పుడు బాధపడు, ఇప్పుడు ఆశ్చర్యపడు అని మనల్ని నెడుతుంటుంది. తక్కువ డబ్బు అనేది దీనికి సాకు కాదు. ప్రైమర్ అనే కాలప్రయాణం సినిమా దాదాపు 7,000 డాలర్లలో తీశారు, కానీ సూపర్ 16 ఫిల్మ్ మీద. ఆ ట్యూబ్ లైట్ల పచ్చదనం, ఆ ఇరుకు గ్యారేజీ చూస్తే ఫ్రేము గురించి ఎవరో కూర్చుని ఆలోచించారని తెలుస్తుంది. చిన్న సినిమా అనగానే జాలిపడి మార్కులు వెయ్యడం ఆ సినిమాకే అవమానం.

నిశాచరి:

జాలి మార్కులు వద్దనే మాట నాదీ. లైటింగ్ గురించి మీతో వాదించను, సంగీతం కొన్ని చోట్ల నన్నూ చిరాకు పెట్టింది. కానీ కళ్లు మూసుకుని వినొచ్చు అన్నదగ్గర మాత్రం ఒప్పుకోను.

క్రీస్తు ప్రస్తావన వచ్చే సీన్ గుర్తుచేసుకోండి. తాను బుద్ధుడి దగ్గర నేర్చుకున్నాననీ, ఆ బోధని పశ్చిమానికి తీసుకెళ్లి చెప్పబోతే తర్వాత కథ ఎటో వెళ్లిపోయిందనీ, అంటే జనం క్రీస్తు అన్నది తననేననీ జాన్ చెప్తాడు. అక్కడ అసలు విషయం జాన్ మాటల్లో లేదు, ఈడిత్ ముఖంలో ఉంది. వచ్చిన ప్రొఫెసర్లలో ఒకరైన ఆవిడ గట్టి క్రైస్తవ విశ్వాసి. సాయంత్రం నుంచీ జాన్‌ని ఇష్టంగా చూసిన మనిషి ఆ క్షణం నుంచి అతన్ని ఇంకోలా చూడ్డం మొదలుపెడుతుంది. రేడియోలో ఆవిడ ఏడుపు వినపడుతుంది, ఆ మార్పు వినపడదు. స్టేజి మీదైతే ఎనిమిది మందీ ఒకేసారి కనిపిస్తారు, ఎవర్ని చూడాలన్నది మన ఇష్టం. ఇక్కడ కెమెరా పదేపదే మాట్లాడేవాణ్ణి వదిలేసి వినేవాళ్ల దగ్గరికి వెళ్తుంది.

ఇంకో చిన్న విషయం. మాటల మధ్యలో సామాన్లు తీసుకెళ్లడానికి మనుషులొస్తారు. అంత పెద్ద సంభాషణ నడుస్తుంటే సోఫా లేపాలి, కొంచెం జరగండి అన్నట్టు ఫర్నిచర్ మోసుకెళ్లిపోతారు. ఉన్నదాంట్లో సర్దుకుని మళ్లీ కూర్చుంటారు. గది ఖాళీ అవుతుంటుంది, చీకటి పడుతుంటుంది, చివరికి మంట వెలుగే దిక్కవుతుంది. వేల ఏళ్ల కిందట మనుషులు మంట చుట్టూ కూర్చుని కథలు విన్నట్టే వీళ్లూ కూర్చుంటారు, ఆ పోలికని సినిమా ఎక్కడా నోరు విప్పి చెప్పదు. ఇది స్క్రిప్టు చదివితే రాదు.

అసలు నా వాదనకి గట్టి బలం ఇంకోచోట ఉంది. ఈ కథ రాసిన జెరోమ్ బిక్స్‌బీ 1969లో స్టార్ ట్రెక్ అనే అంతరిక్ష టీవీ సీరియల్ కోసం రెక్వియమ్ ఫర్ మెథుసెలా అని ఒక ఎపిసోడ్ రాశాడు. అందులోనూ చావులేని మనిషే. అతని ఇంట్లో ఎవరికీ తెలియని డావిన్సీ బొమ్మలుంటాయి, సంగీతకారుడు బ్రామ్స్ రాసిన వాల్ట్జ్ ఉంటుంది. కానీ అక్కడ అన్నీ తర్కంతో తేల్చే స్పాక్ ఉన్నాడు, పరికరాలున్నాయి, అసలువో నకిలీవో తేల్చే దారి ఉంది. ఈ సినిమాలోనూ వాన్‌గో గీసినట్టుండే ఒక పెయింటింగ్ సామాన్ల మధ్య కనిపిస్తుంది, ఒక రాతి పనిముట్టు చేతులు మారుతుంది. చూసిన ప్రొఫెసర్ దాన్ని మాగ్డలేనియన్ (రాతియుగం చివరి) కాలం నాటి బ్యూరిన్, అంటే చెక్కడానికి వాడే రాతి ఉలి అని గుర్తుపడతాడు కూడా. అయినా ఏం తేలింది? పాత సామాన్ల కొట్లో కొన్నానంటే అంతే సంగతులు. అదే రచయిత, అదే ఆలోచన, ఈసారి పరికరాలన్నీ తీసేసి రాశాడు. 60ల్లో మొదలుపెట్టిన కథని 1998లో చనిపోయే ముందు మంచం మీద నుంచి కొడుకుకి చెప్పి రాయించి పూర్తిచేశాడు. అన్నేళ్లు మోసిన మనిషికి ఏం కావాలో, ఏం అక్కర్లేదో బాగా తెలుసు.

జీవకణం:

సైన్స్ గురించి పొగుడుతున్నారు కాబట్టి ఒక మాట. సినిమాలో జీవశాస్త్రవేత్త హ్యారీ, శరీరంలో కణాలన్నీ ఏడేళ్లకోసారి కొత్తవైపోతాయి అన్నట్టు మాట్లాడతాడు. బయట చాలామంది నమ్మే మాటే గానీ నిజం కాదు. జీర్ణాశయం లోపలి పొర కొన్ని రోజుల్లోనే మారుతుంది, నిజమే. కానీ మెదడు పై పొరలో ఉండే న్యూరాన్లు దాదాపు అన్నీ పుట్టినప్పటివే, కంటి లెన్స్ మధ్యలో ఉండే కణాలూ అంతే. మిగతా ఒళ్లంతా బాగుపడుతూ ఉన్నా మెదడు సంగతేంటి అని హ్యారీ అడిగి ఉండాల్సింది. అతని స్థానంలో ఎవరున్నా మొదట అడిగేది అదే.

అయితే ఒకటి బాగా పట్టుకున్నారు. 14,000 ఏళ్లు బతికినా జాన్ సర్వజ్ఞుడు కాడు. చాలా మర్చిపోయాడు. ఎప్పుడో చదివిన చదువు పాతబడిపోయింది. కొలంబస్ రోజుల్లో భూమి గుండ్రమని దాదాపు నమ్మినా, ఓడెక్కితే అంచు దాటి పడిపోతానేమో అని భయం మిగిలే ఉందంటాడు. ఎక్కువ కాలం బతికితే ఎక్కువ తెలుస్తుందని కాదు, తన కాలానికి ఎంత తెలుసో అంతే తెలుస్తుంది. ఈ ముక్క నాకు చాలా నచ్చింది.

పాతరీలు:

అసలు దీన్ని ఎవరూ పట్టించుకోలేదు అనడం ఎంతవరకు సరైనది? థియేటర్లలో ఆడలేదు, 2007 చివర్లో డీవీడీగా వచ్చింది, అది నిజం. కానీ పైరసీ కాపీల ద్వారా ప్రపంచమంతా చూసింది. నిర్మాత ఎరిక్ విల్కిన్సన్ పైరసీ సంగతులు రాసే ఒక సైట్‌కే బహిరంగంగా థ్యాంక్స్ చెప్పాడు. తర్వాతి భాగాన్ని 2018లో నిర్మాతలే టొరెంట్‌లో పెట్టి, చూసినవాళ్లు తోచినంత ఇవ్వండని అడిగారు. చూసినవాళ్లు లక్షల్లో ఉన్నారు, టికెట్ కొన్నవాళ్లే లేరు. నా దృష్టిలో పట్టించుకోకపోవడం అంటే అదే.

ఫ్రేమ్24:

ఈడిత్ సీన్, ఫర్నిచర్ సంగతి ఒప్పుకుంటున్నా, అవి బాగా చెప్పారు. కానీ మీ మొదటి వాదనకి సినిమాయే అడ్డం తిరుగుతుంది. చూపిస్తే చచ్చిపోతుంది, అనుమానమే ప్రాణం అన్నారు. మరి ముగింపు? జాన్ వాడిన పాత పేర్లు చాటుగా విన్న మానసిక వైద్యుడు డాక్టర్ గ్రూబర్, అందులో ఒకటి తన చిన్నప్పుడు వదిలేసి వెళ్లిన తండ్రి పేరని గుర్తుపడతాడు. అడిగితే తల్లి పేరూ, కుక్క పేరూ జాన్ చెప్పేస్తాడు. ముసలాయన గుండె ఆగి చనిపోతాడు. ఇంతకంటే ఖరీదైన ఫ్లాష్‌బ్యాక్ ఉందా? పైగా ఇన్ని కాలేజీలుండగా సొంత కొడుకు ఉన్నచోటికే వచ్చి పదేళ్లు పనిచేశాడా? చివరి పది నిమిషాల్లో దర్శకుడికే భయమేసి ప్రేక్షకుడి చేతిలో జవాబు పెట్టేశాడు.

నిశాచరి:

మీరు చెప్పినవాటిలో ఇదే అన్నిటికంటే బలమైన పాయింట్. ఆ కాకతాళీయం నాకూ నచ్చదు, దాన్ని సమర్థించను. గుండెపోటు లేకుండా గ్రూబర్ మౌనంగా కారెక్కి వెళ్లిపోయి ఉంటే ఇంకా బాగుండేది.

కానీ వచ్చిన రుజువు ఎలాంటిదో చూడండి. సాయంత్రమంతా వాళ్ల అభ్యంతరం ఒకటే, నువ్వు చెప్పేది ఏ లైబ్రరీలోనైనా దొరుకుతుంది అని. చివర్లో వచ్చింది ఏ లైబ్రరీలోనూ దొరకని విషయం. ఒక చిన్న పిల్లాడి ఇంట్లో పెరిగిన కుక్క పేరు. దాన్ని సరిచూడగలిగిన మనిషి ప్రపంచంలో ఒక్కడే, అతనూ అక్కడే పోయాడు. అంతకుముందే జాన్ ఇదంతా కట్టుకథే అని చెప్పి మిగతావాళ్ల మనసు తేలికచేసి పంపేశాడు. కాబట్టి మానవశాస్త్రవేత్త డాన్‌కి, హ్యారీకి, ఈడిత్‌కి ఏ రుజువూ దొరకలేదు. తెలిసింది జాన్‌ని ప్రేమించే శాండీకీ మనకీ. రేపు శాండీ ఎవరికైనా చెప్పినా, ఆవిడా సాయంత్రం జాన్ ఉన్న స్థితిలోనే ఉంటుంది. ఒట్టి మాట తప్ప చేతిలో ఏమీ ఉండదు.

ఇంకోటి, ఫ్లాష్‌బ్యాక్ ఇరవయ్యో నిమిషంలో వస్తే మన ఆలోచన అక్కడే ఆగిపోతుంది. ఇది వచ్చేసరికి మనం గంటకి పైగా ఏదో ఒక పక్షం తీసుకుని కూర్చున్నాం. నేను మొదటిసారి చూసినప్పుడు గ్రూబర్ పక్షం. సాక్ష్యం లేకుండా నమ్మకూడదని అతను పట్టిన పట్టు నాకు న్యాయంగా తోచింది, ఇప్పటికీ న్యాయమే. సాక్ష్యం దొరికిన మరుక్షణం ఆయన మాట మార్చాడు కూడా. ఆ గదిలో ఉన్నవాళ్లందరిలో సరైన శాస్త్రవేత్తలా ప్రవర్తించింది ఆయనే అని నా నమ్మకం.