తోటలో చెరువు కట్ట వెనక తడి: మట్టి కొట్టాలా, సిమెంటు వేయాలా?

గుంటూరు తోటవాడు:
అందరికీ నమస్కారమండీ. ఫిరంగిపురం దాటాక, కొండవీడు కొండల కింద, మా అన్నదమ్ములం, బావగార్లు కలిసి కొన్న తోట ఒకటుంది. అందులో ఎప్పటిదో పాత మట్టి కట్ట, పది అడుగుల ఎత్తుంటుంది. కొండ మీంచి దిగే వాననీళ్లు ఎకరం పైన నిలుస్తాయి. సాగుకి కాదు, సరదాకే. పిల్లలకి పెడల్ బోటు వేశాం, గట్టు మీద చదును చేసి నడకదారి తీశాం. ఆదివారం వస్తే చుట్టాలందరూ గాలాలు పట్టుకుని అక్కడే.

ఈ వానాకాలం నుంచి కట్ట బయటి వైపు అడుగున, పాత తూము పైపు పక్కన, మంచం మేర నేల తడిగా ఉంటోంది. తుంగ మొలిచింది, కాలు పెడితే దిగుతోంది. రెండు ట్రాక్టర్ల నల్లమట్టి తెచ్చి దాని మీద కొట్టేద్దాం అంటాడు మా చిన్న బావ. సిమెంటు వేసేద్దాం అంటాడు అన్నయ్య. మిగతా అంతా బాగానే ఉంది. చేపలు పోకుండా కలుజుకి (చెరువు నిండితే ఎక్కువైన నీళ్లు పోయే దారికి) జల్లెడ బిగించాం, బోటుకి లోతు చాలక కలుజు మీద అడుగు ఎత్తున ఇటుక గోడ కూడా లేపాం. ఈ తడే టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

బెజవాడ బుల్లోడు:
ప్లాస్టిక్ షీటు పరిచేయండి బ్రదర్. ఫార్మ్ పాండ్‌లకి అదేగా వేస్తారు. ఒక్కసారి ఖర్చు, తర్వాత గొడవుండదు.

రిటైర్డ్ ఇరిగేషన్:
షీటు సంగతి తర్వాత. అది వేయాలంటే చెరువంతా ఎండగట్టాలి, ఇప్పుడు కుదిరే పని కాదు.

తోట బాబూ, నా ఉద్యోగమంతా చెరువు కట్టల మీదే గడిచింది. మీరు అడిగింది ఒకటి, నన్ను భయపెట్టింది ఇంకొకటి.

ముందు అడిగినదానికి. మట్టి కట్టన్నాక కాస్త నీరు దిగుతుంది. చూడాల్సింది ఆ నీటి రంగు. తేటగా ఉంటే ఊట. బురదగా వస్తే లోపలి మట్టిని మోసుకొస్తోందన్నమాట, బుంగ పడటం అంటే అదే. బుంగ బయటి వైపు మొదలై లోపలికి పాకుతుంది, చెరువు నీటిని అందుకుందా, ఇక గండే. పైపు చుట్టూ దిమ్మిస (మట్టిని గట్టిపరిచే దెబ్బ) సరిగా పడదు, నీళ్లు దాని వెంబడే దారి చూసుకుంటాయి. అందుకే పైపు పక్క తడిని తేలిగ్గా తీసుకోకూడదు. ఆ నీళ్లు గాజు గ్లాసులో పట్టి ఒక పూట కదపకుండా ఉంచండి. అడుగున ఒండ్రు పేరుకుంటే ఎవరినీ అడగకుండా చెరువు దించడం మొదలెట్టండి.

నల్లమట్టీ వద్దు, సిమెంటూ వద్దు. బయటి వైపు మూసేస్తే నీరు ఆగిపోదు, కట్ట లోపలే మట్టం పెరిగి ఇంకాస్త పైన ఎక్కడో తన్నుకొస్తుంది. నీరు పోవాలి, మట్టి పోకూడదు. దానికి తడి మీద ముందు ముతక ఇసుక, పైన సన్న రాతి చిప్స్, ఆ పైన కంకర. మా డిపార్టుమెంటులో ఫిల్టర్ అంటాం. మట్టి పోసే ముచ్చట ఉంటే చెరువు లోపలి వైపు, నీళ్లు తగ్గాక, పైపు మూతి చుట్టూ పోసి దిమ్మిస కొట్టించండి. నల్లరేగడి ఎండాకాలంలో బీటలిస్తుంది, పైన ఎర్ర గ్రావెల్ కప్పాలి.

ఇక అసలు సంగతి. కలుజు మీద గోడ లేపామన్నది, పప్పులో ఉప్పు వేశామన్నంత తేలిగ్గా రాశారు! మట్టి కట్టకి ఊట కన్నా పెద్ద శత్రువు పైనుంచి పొర్లే నీరు. ఒకసారి పొర్లడం మొదలైతే కోసుకుపోతూనే ఉంటుంది. కలుజు అడుగు లేపితే నీటి మట్టానికీ కట్ట పైభాగానికీ మధ్య ఉన్న ఖాళీ అడుగు తగ్గింది. నడకదారికి చదును చేసినప్పుడు ఇంకొంత పోయుంటుంది. 2024 ఆగస్టు నెలాఖరు వాన గుర్తుందిగా? బుడమేరు వాగుకి గండ్లు పడి విజయవాడలో సింగ్‌నగర్ మునిగింది, ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులొచ్చాయి. ఆ వాన మీ కొండ మీద పడితే ఆకులూ కొమ్మలూ మీ జల్లెడకి పట్టడానికి ఎంతసేపు?

అమెరికాలో పెన్సిల్వేనియాలో సౌత్ ఫోర్క్ అని మట్టి డ్యామ్ ఉండేది. డబ్బున్నవాళ్ల క్లబ్బు ఒకటి దాన్ని కొని, మీలాగే చేపలకీ పడవలకీ వాడుకుంది. బండ్లు తిరగాలని కట్ట పైభాగం తగ్గించి వెడల్పు చేశారు. చేపలు పోకుండా కలుజుకి జల్లెడలు పెట్టారు. అడుగు తూము పైపుల్ని అంతకు ముందే ఎవరో పీకేశారు, వీళ్లు మళ్లీ వేయలేదు. 1889 మే 31న పెద్ద వానకి జల్లెడలకి చెత్త పట్టింది, నీళ్లు కట్ట మీంచి పొర్లాయి, 72 అడుగుల కట్ట తెగింది. దిగువన జాన్‌స్టౌన్‌లో 2,209 మంది పోయారు. మీది పది అడుగులే, నిజమే. కింద ఏముందో మాత్రం మీరు రాయలేదు.

గుంటూరు తోటవాడు:
సార్, గ్లాసులో నీళ్లు తేటగానే ఉన్నాయి. కింద మిర్చి చేలు, కౌలు రైతుల ఇళ్లు నాలుగున్నాయి. గోడ తీయిద్దామంటే బావ ఒప్పుకోవడం లేదు. బోటు బురదకి తగులుతుందట. చేపలు కూడా పోతాయంటాడు.

కైకలూరు చేపలు:
లోతు కావాలంటే వేసవిలో పూడిక తీయించండి, గోడ ఎందుకు? కట్ట మొదట్లో మాత్రం తవ్వొద్దు, చెరువు నడుమ తవ్వండి. వల కలుజు నోటికి బిగించకూడదండీ. కొన్ని గజాలు లోపలికి జరిపి, అర్ధచంద్రంగా, పొడుగ్గా కట్టండి. పై అంచు కట్ట కన్నా బాగా కిందే ఉండాలి. చెత్త పట్టినా నీళ్లు దాని మీంచి దూకి కలుజుకి పోతాయి. పెద్ద వానకి నాలుగు బొచ్చె చేపలు పోతే పోనివ్వండి, చేపపిల్ల మళ్లీ వేసుకోవచ్చు.

రిటైర్డ్ ఇరిగేషన్:
ఈయన చెప్పింది సరైన మాట. గోడ రేపే పగలగొట్టించండి, కానీ పై వరస నుంచి ఒక్కో వరసే, రోజుకొకటి. నీటి మట్టం ఒక్కసారిగా దిగితే తడిసిన లోపలి వాలు జారుతుంది, నల్లరేగడైతే మరీను. కట్ట మీద తుమ్మలుంటే జేసీబీ పెట్టి పెకిలించొద్దు, వేళ్లు పోయిన చోట నీళ్లు దూరతాయి. బావగారికి ఆ నాలుగిళ్లూ ఒకసారి నడిచి చూపించండి, బోటు గొడవ తర్వాత తేల్చుకోవచ్చు.

తడి హద్దు చుట్టూ మేకులు కొట్టి తాడు కట్టండి, పెరిగేదీ తగ్గేదీ తెలుస్తుంది. ఫోటో పెట్టేటప్పుడు పక్కన చెప్పో స్కేలో ఉంచండి. ఇంతకు ముందొకాయన పెట్టిన ఫోటోలో అది బుంగో, కుక్క తవ్విన గుంటో ఎవరికీ అర్థం కాలేదు.