సెల్మా వంతెనకు జాన్ లూయిస్ పేరు పెట్టాలా?

నీలిసిరా:
అమెరికాలోని అలబామా రాష్ట్రం సెల్మా ఊళ్ళోని వంతెన మీద నేటికీ ఎడ్మండ్ పెట్టస్ పేరే ఉంది. అమెరికా అంతర్యుద్ధంలో బానిసత్వం పక్షాన యుద్ధం చేసిన సేనాని అతడు. 1965 మార్చి 7న నల్లవారి ఓటు హక్కు కోసం దాదాపు 600 మంది ఆ వంతెన దాటారు. ముందు నడిచిన పౌరహక్కుల నాయకుడు జాన్ లూయిస్‌ను పోలీసులు పుర్రె చిట్లేలా కొట్టారు. ఆయన 2020లో కన్నుమూశారు. ఇంకా ఆ సేనాని పేరేనా? నాకు మింగుడు పడటం లేదు.

అట్లాంటా వాసి:
నీలిసిరా గారూ, పేరు మార్చవద్దన్నది లూయిస్ గారే. చరిత్రను తిరగరాయలేమని 2015లో అప్పటికి అమెరికా చట్టసభ (కాంగ్రెస్) సభ్యుడైన ఆయన, మరో సభ్యురాలితో కలిసి వ్యాసం రాశారు.

నేను ఆ వంతెన మీద నడిచాను. నడిమధ్య ఎత్తుగా ఉంటుంది, పైకి చేరేదాకా అవతలి ఒడ్డు కనబడదు. ఆ రోజు వాళ్ళకూ అంతే, పైకి ఎక్కాకే బారులు తీరిన పోలీసులు కనబడ్డారు. లూయిస్‌కు అప్పుడు 25 ఏళ్ళు. జైల్లో పెడతారనుకుని వీపు సంచిలో రెండు పుస్తకాలు, ఒక ఆపిల్, ఒక నారింజ, టూత్‌బ్రష్, పేస్టు సర్దుకున్నారు. ఉక్కు కమాను మీది ఆ పేరు కింద నిలబడితేనే, ఆ సంచితో ఎవరికి ఎదురు నడిచారో తెలిసివస్తుంది.

పైగా ఆయనది పగ పట్టే మనసు కాదు. 1961లో దక్షిణ కరోలినా రాష్ట్రంలోని రాక్ హిల్ బస్సు స్టేషన్లో తనను కొట్టిన ఎల్విన్ విల్సన్ 2009లో వచ్చి క్షమించమంటే అక్కున చేర్చుకున్నారు.

నీలిసిరా:
విల్సన్ ముందు తప్పు ఒప్పుకున్నాడు కదండీ! మరి అలబామా రాష్ట్రం? ప్రభుత్వ స్థలాల్లో 40 ఏళ్ళు దాటిన స్మారకాలను తీయకూడదు, పేరు మార్చకూడదు అంటూ 2017లో చట్టమే చేసింది. లూయిస్ వద్దనడం ఆయన పెద్ద మనసు. చట్టం వద్దనడం వేరు. ఆ రెండింటినీ ఒక గాటన కట్టకండి.

అట్లాంటా వాసి:
చట్టం విషయంలో మీతో ఏకీభవిస్తాను. అది సెల్మా జనం నోరు నొక్కడమే. కానీ 2020 జూలై 26న ఆయన శవపేటిక గుర్రపు బండి మీద అదే వంతెన దాటింది. నెత్తురు కారిన చోట గులాబీ రేకులు చల్లారు. అవతల అలబామా పోలీసులే నిలబడి వందనం చేశారు. ఆ వందనం పెట్టస్ పేరున్న వంతెన దగ్గరే జరిగింది. అందుకే పేరు ఉండనివ్వమంటాను.

నీలిసిరా:
ఉంచాలో తీయాలో సెల్మా వాళ్ళనే ఓటు వేయనివ్వండి. 1965లో వాళ్ళు అడిగింది అదే.