ఓరియోల్స్ కుర్రాళ్లను అమ్మడం కరెక్టేనా? అలోన్సో, బాజ్, వార్డ్ డీల్స్ మీద చర్చ

కామ్‌డెన్_కిరణ్:
మేరీలాండ్‌లో మన తెలుగువాళ్లు ఇంతమంది ఉన్నా బేస్‌బాల్ చూసేవాళ్లు తక్కువే. ఆ ఉన్న నలుగురం కూడా ఈ మధ్య ఒక్క మాట మీద ఉండట్లేదు కాబట్టి ఇక్కడే తేల్చుకుందాం. ఫాలో అవ్వనివాళ్ల కోసం కథ క్లుప్తంగా: బాల్టిమోర్ ఓరియోల్స్ 2023లో 101 మ్యాచ్‌లు గెలిచింది, 2024లో 91, 2025లో 75 గెలిచి డివిజన్‌లో అట్టడుగుకి పోయింది. 15 గెలుపులు, 28 ఓటములు ఉన్నప్పుడు, మే నెలలోనే మేనేజర్ బ్రాండన్ హైడ్‌ని ఇంటికి పంపించారు.

ఇక ఈ 2025-26 చలికాలం మన జట్టులో ఆటగాళ్లను కొనే, అమ్మే పెద్ద మైక్ ఎలయాస్ మామూలు హడావుడి చెయ్యలేదు. నవంబర్‌లో పిచర్ (బౌలర్ లాంటివాడు) గ్రేసన్ రోడ్రిగెజ్‌ని ఏంజెల్స్ జట్టుకి ఇచ్చేసి బ్యాటర్ టేలర్ వార్డ్‌ని తెచ్చాడు. తర్వాత క్లోజర్‌గా, అంటే మ్యాచ్ చివర్లో గెలుపు కాపాడే పిచర్‌గా, రయన్ హెల్స్‌లీ, రెండేళ్లకు 28 మిలియన్ డాలర్లు. డిసెంబర్‌లో బ్యాటర్ పీట్ అలోన్సోకి ఐదేళ్లకు 155 మిలియన్లు. ఆ తర్వాత టాంపా నుంచి పిచర్ షేన్ బాజ్ కోసం నలుగురు ప్రాస్పెక్ట్‌లను (ఇంకా పైకి రాని కుర్రాళ్లను), పైన ఒక డ్రాఫ్ట్ పిక్‌ని (కొత్త కుర్రాడిని ఎంచుకునే వంతుని) ఇచ్చాడు.

నా మాట ముందే చెప్తున్నా. చేసింది కరెక్టే, కానీ చెయ్యాల్సింది ఏడాది ముందు. 2024-25 చలికాలంలో మన దగ్గర బ్యాటింగ్ కుర్రాళ్లు కుప్పలుగా ఉన్నారు, మన మేటి పిచర్ కార్బిన్ బర్న్స్ 210 మిలియన్లకు అరిజోనా వెళ్లిపోయాడు, పిచింగ్ ఖాళీ. అప్పుడు మనం ఏం చేశాం? 41 ఏళ్ల చార్లీ మోర్టన్‌కి 15 మిలియన్లు, జపాన్ నుంచి వచ్చిన 35 ఏళ్ల సుగానోకి 13 మిలియన్లు, ఇద్దరికీ ఒక్కో ఏడాది. అదే చలికాలం మన డివిజన్‌లోనే ఉన్న రెడ్ సాక్స్ నలుగురు ప్రాస్పెక్ట్‌లను ఇచ్చి పిచర్ గ్యారెట్ క్రోషేని తెచ్చుకుంది. 2025లో అతను 18 గెలిచి 5 ఓడాడు, 255 మందిని స్ట్రైకౌట్ (మూడు స్ట్రైక్‌లతో అవుట్) చేశాడు. మనం ఏప్రిల్‌లో సిన్సినాటి చేతిలో 24-2తో తన్నులు తిన్నాం. కుర్రాళ్లను అపురూపంగా దాచుకున్నందుకు మనకు మిగిలింది ఇదే.

నార్ఫోక్_సుజాత:
కిరణ్ గారూ, సగమే చెప్పారు. 2024 ఫిబ్రవరిలో బర్న్స్ కోసం జోయీ ఓర్టీజ్‌ని, డీఎల్ హాల్‌ని, ఒక డ్రాఫ్ట్ పిక్‌ని ఇచ్చింది మనవాళ్లే కదా! దాచుకున్నారు అనడం అబద్ధం. బర్న్స్ బాగా ఆడాడు, కాదనను, కానీ ఏడాది తిరిగేసరికి వెళ్లిపోయాడు.

నేనుండేది నార్ఫోక్ దగ్గర. ఇక్కడి టైడ్స్ మన ట్రిపుల్-ఎ జట్టు (పెద్ద లీగ్‌కి ఒక్క మెట్టు కింద) కాబట్టి ఈ పిల్లలందరినీ పైకి వెళ్లకముందే చూశాను. అసలు గొడవ అమ్మడమా దాచడమా అన్నది కాదు, ఆడించకపోవడం. బ్యాటర్ కైల్ స్టవర్స్‌ని చూడండి. 2022 నుంచి 2024 దాకా పైకి కిందకి తిప్పారు, నాలుగు రోజులు ఆడితే పది రోజులు బెంచ్. 2024 జూలైలో కానర్ నార్బీతో కలిపి మయామీకి ఇచ్చేశారు. అక్కడ రోజూ ఆడించారు, 2025లో 25 హోమ్ రన్‌లు (మన సిక్సర్ లాంటివి) కొట్టి ఆల్-స్టార్ అయ్యాడు, అంటే లీగ్ మేటి ఆటగాళ్ల మ్యాచ్‌కి ఎంపికయ్యాడు. అదే మనిషి, అదే బ్యాటు.

జాక్సన్ హాలిడే సంగతి సరేసరి. 2022 డ్రాఫ్ట్‌లో మొదటి నంబర్, 2024లో 20 ఏళ్లకే తెచ్చి ఆడించారు, 34 బంతుల్లో... సారీ, క్రికెట్ అలవాటు, 34 అట్-బ్యాట్స్‌లో (బ్యాటింగ్ వంతుల్లో) 2 హిట్స్ వచ్చాయని రెండు వారాలకే వెనక్కి పంపించారు. జూలై 31న తిరిగొచ్చి ఆ రోజే గ్రాండ్ స్లామ్ (నాలుగు పరుగుల హోమ్ రన్) కొట్టాడు. కాస్త ఓపిక పడితే పోయేదేముంది?

లెక్కల_మాస్టారు:
సుజాత గారు స్టవర్స్ గురించి చెప్పి ఆ ట్రేడ్‌లో మనకు వచ్చింది ఎవరో చెప్పలేదు. ట్రెవర్ రోజర్స్. 2024లో అతను మన దగ్గర నాలుగు మ్యాచ్‌లు వేసి చావుదెబ్బలు తిని నార్ఫోక్‌కే వచ్చాడు, మీరు చూసే ఉంటారు. 2025లో 18 మ్యాచ్‌లు మొదలుపెట్టాడు, ఈఆర్‌ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున పిచర్ ఖాతాలో పడే పరుగులు, తక్కువైతే మంచిది) 1.81. ఆ ట్రేడ్‌లో మనం మోసపోయామని 2024 అక్టోబర్‌లో ఊరంతా అన్నారు, ఇప్పుడు ఎవరూ మాట్లాడరు.

అసలు విషయం కాలం. మేజర్ లీగ్‌లో ఒక ఏడాది సర్వీస్ అంటే 172 రోజులు. ఆరేళ్లు నిండితే ఆటగాడు ఫ్రీ ఏజెంట్, ఎక్కడికైనా వెళ్లొచ్చు. మొదటి మూడేళ్లు దాదాపు కనీస జీతం, 2025లో అది 7 లక్షల 60 వేల డాలర్లు. తర్వాతి మూడేళ్లు ఆర్బిట్రేషన్, అంటే ఒప్పందం కుదరకపోతే జీతం మధ్యవర్తులు తేలుస్తారు. అందుకే జట్లు కుర్రాళ్లని కొన్ని వారాలు ఆపి పైకి తెస్తుంటాయి, ఒక ఏడాది కలిసొస్తుందని. మన క్యాచర్ (కీపర్ లాంటివాడు) ఎడ్లీ రచ్‌మన్ విషయంలో అదీ కలిసిరాలేదు. 2022 మే 21న వచ్చాడు, కానీ ఉత్తమ కొత్త ఆటగాడి (రూకీ) ఓటింగ్‌లో రెండో స్థానంలో నిలిచాడు కాబట్టి కొత్త నిబంధన ప్రకారం పూర్తి ఏడాది రాసేశారు. అంటే 2027 తర్వాత అతను వెళ్లిపోవచ్చు. మన మేటి బ్యాటర్ గన్నర్ హెండర్సన్ 2028 తర్వాత, అతని ఏజెంట్ స్కాట్ బోరాస్, బర్న్స్ ఏజెంట్ కూడా ఆయనే, ఇక మీరే ఊహించుకోండి.

కాబట్టి మిగిలింది గట్టిగా రెండు మూడు సీజన్లు. 2029లో పైకొచ్చే పిల్లాడి వల్ల హెండర్సన్‌కి ఒరిగేదేమీ లేదు. బాజ్ 2028 దాకా మన చేతిలో ఉంటాడు, సరిగ్గా సరిపోతుంది. నాకు అర్థం కానిది వార్డ్ డీల్. 36 హోమ్ రన్‌లు కొట్టాడు, నిజమే, కానీ ఒక్క ఏడాదే మిగిలింది. రోడ్రిగెజ్ 2025లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు, నిజమే, కానీ నాలుగేళ్లు ఉండేవాడు. పిచర్లు లేరని ఏడుస్తూ ఉన్న పిచర్‌ని ఇచ్చి ఏడాది బ్యాటర్‌ని తెచ్చుకోవడం ఏ లెక్క?

క్వీన్స్_కుర్రోడు:
న్యూజెర్సీ ఎడిసన్ నుంచి న్యూయార్క్ మెట్స్ అభిమానిని. కడుపు మంటతో వచ్చాను, తప్పుకోండి.

మా అలోన్సోని తీసుకుపోయి మళ్లీ ఏడుస్తారేంటి? మెట్స్ చరిత్రలోనే ఎక్కువ హోమ్ రన్‌లు కొట్టినవాడు, 264. 2025లోనే మా పాత స్టార్ డారిల్ స్ట్రాబెర్రీ రికార్డు దాటాడు. 2025లో 38 హోమ్ రన్‌లు, 126 ఆర్‌బీఐలు (తన బ్యాటింగ్ వల్ల జట్టుకి వచ్చిన పరుగులు). 2024లో 162 మ్యాచ్‌లూ ఆడాడు, 2025లోనూ 162 ఆడాడు, మీ జట్టులో అందరూ కండరాలు పట్టేసి పడుకున్నప్పుడు ఇలాంటోడు ఒకడు ఉండాలి. ఫీల్డింగ్ మాత్రం అడగొద్దు, ఫస్ట్ బేస్ దగ్గరికి త్రో వచ్చినప్పుడల్లా కళ్లు మూసుకుని దండం పెట్టుకోండి.

తూర్పుతీరం_బాబాయ్:
నాయనా, మీరంతా కొత్తగా వచ్చినవాళ్లు. ఫస్ట్ బేస్‌లో హోమ్ రన్‌లు కొట్టే మనిషికి నూట యాభై పైచిలుకు మిలియన్లు అన్న మాట వినగానే నాకు టెన్షన్ మొదలవుతుంది. మన పాత ఆటగాడు క్రిస్ డేవిస్. 2016 జనవరిలో ఏడేళ్లకు 161 మిలియన్లు. ఆ ఏడాదే 219 సార్లు స్ట్రైకౌట్ అయ్యాడు. 2018లో సగటు .168 (వెయ్యి వంతులకి 168 హిట్లు). ఆ సీజన్ చివరి నుంచి 2019 మొదటి దాకా వరసగా 54 అట్-బ్యాట్స్‌లో ఒక్క హిట్ లేదు. స్టేడియంలో కూర్చుని ఆ మనిషిని తిట్టడానికి కూడా మనసొప్పలేదు నాకు, అంత జాలేసింది. 2021లో రిటైరయ్యాడు, వాయిదాల డబ్బు 2037 దాకా ఇస్తూనే ఉండాలి. అలోన్సోకి ఇప్పుడు 31, ఒప్పందం అయ్యేసరికి 35 దాటుతుంది. మొదటి రెండేళ్లు బాగుంటుంది, ఆ తర్వాత నన్నడగొద్దు.

కామ్‌డెన్_కిరణ్:
బాబాయ్, ఆ రెండేళ్ల కోసమేగా ఇచ్చింది! మాస్టారు లెక్క ప్రకారం మనకున్నదే ఆ రెండు మూడేళ్లు. 2029లో అలోన్సో బరువైతే అప్పటి తలనొప్పి యజమాని రూబెన్‌స్టీన్‌ది, మనది కాదు. పాత యజమానులు ఏంజెలోస్ కుటుంబం చివరి ఏళ్లలో ఇలాంటి సంతకం ఊహించామా? వార్డ్ విషయంలో మాత్రం మాస్టారుతో నేనూ ఏకీభవిస్తా, అక్కడ తొందరపడ్డారు.

సుజాత గారూ, మీరు ఓపిక అన్నారు. 2020 డ్రాఫ్ట్‌లో రెండో నంబర్ హెస్టన్ కర్‌స్టాడ్. 2025లో అవకాశం ఇచ్చారు, జూన్‌లో మళ్లీ మీ ఊరికే పంపించాల్సి వచ్చింది. 2023లో అతని పేరు చెప్తే ఏ జట్టయినా పిచర్‌ని ఇవ్వడానికి కూర్చునేది. ఇప్పుడు ఫోన్ ఎత్తుతారా?

బౌన్సర్99:
అన్నలూ అక్కలూ, నేను ఐపీఎల్ బ్యాచ్. చెన్నై జడేజాని రాజస్థాన్‌కి ఇచ్చి సంజు శాంసన్‌ని తెచ్చుకున్నప్పుడే మా ఇంట్లో రెండు రోజులు గొడవ. ఇక్కడ ఇంకా పేరు కూడా తెలియని పిల్లల కోసం ఇంత కొట్టుకుంటున్నారేంటి? వేలం పెట్టి కావాల్సినవాళ్లని కొనుక్కోవచ్చుగా?

లెక్కల_మాస్టారు:
@బౌన్సర్99 ఇక్కడ కుర్రాళ్లకి వేలం ఉండదు తమ్ముడూ, డ్రాఫ్ట్ ఉంటుంది. బాగా ఓడిన జట్లకి ముందు వరస. మనం 2018లో 115, 2019లో 108, 2021లో 110 ఓడాం, దాని ఫలితమే రచ్‌మన్, హాలిడే. ఆ ఓటములన్నీ డబ్బులిచ్చి చూశాం కాబట్టి పేరు తెలియని పిల్లాడి మీద కూడా ప్రేమ పుడుతుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఎలయాస్ వచ్చాక 2019 నుంచి మొదటి రౌండ్‌లో ఒక్క పిచర్‌ని కూడా తీసుకోలేదు. రచ్‌మన్, కర్‌స్టాడ్, కౌజర్, హాలిడే, అలా 2025లో ఐక్ ఐరిష్ దాకా అందరూ బ్యాటర్లే. పిచర్ల మోచేతులు ఎప్పుడు పోతాయో తెలియదు, బ్యాటర్ల మీద పెట్టుబడి కాస్త భద్రం, తర్వాత వాళ్లను ఇచ్చి పిచర్లను కొనుక్కోవచ్చు అన్నది ఆ ఆలోచన. మొదటి సగం బాగా అమలైంది. రెండో సగం దగ్గరికొచ్చేసరికి చేతులు ఆగిపోయాయి. 2024లో బ్రాడిష్, మీన్స్, వెల్స్, ముగ్గురికీ మోచేతి ఆపరేషన్లు అయితే గానీ తెలిసిరాలేదు.

నార్ఫోక్_సుజాత:
మాస్టారూ, పిచర్లే లేక ఓడామా? 2024 ప్లేఆఫ్స్‌లో (సీజన్ చివరి నాకౌట్లలో), అక్టోబర్ 1న కాన్సస్ సిటీ మీద బర్న్స్ ఎనిమిది ఇన్నింగ్స్ దాటి వేసి ఒక్క పరుగు ఇచ్చాడు. 1-0తో ఓడిపోయాం. మర్నాడు 2-1. రెండు మ్యాచ్‌ల్లో కలిపి మన మహా బ్యాటర్లు చేసింది ఒక్క పరుగు. 2023 ప్లేఆఫ్స్‌లో టెక్సస్ మూడు మ్యాచ్‌లూ ఊడ్చేసింది. 2014 తర్వాత ప్లేఆఫ్స్‌లో ఒక్క గెలుపు లేదు మనకి.

బాజ్ గురించి కూడా మీరంతా మర్యాదగా దాటేశారు. 2025లో ఈఆర్‌ఏ 4.87! 2022లో మోచేతి ఆపరేషన్ అయిన మనిషి, 2023 మొత్తం ఆడలేదు. అతనికి నలుగురా? అందులో కేడెన్ బోడీన్, స్లేటర్ డి బ్రన్‌లను డ్రాఫ్ట్‌లో తీసుకున్నది 2025 జూలైలో. ఐదు నెలల్లో టాంపాకి అప్పజెప్పారు. ఇంకెవరికైనా ఇచ్చినా ఊరుకునేదాన్ని, టాంపాకి! ఇదే బాజ్‌ని 2018లో ఆ జట్టు క్రిస్ ఆర్చర్‌ని ఇచ్చి పిట్స్‌బర్గ్ దగ్గర లాగేసింది, పైగా గ్లాస్‌నౌ, మెడోస్‌లతో కలిపి. ఎవరు ఎదుగుతారో వాళ్లకి బాగా తెలుసు. వాళ్లు అడిగారంటేనే ఇవ్వకూడదు.

కామ్‌డెన్_కిరణ్:
ఈ చివరి పాయింట్‌కి నా దగ్గర జవాబు లేదు, భయం మాత్రం ఉంది 😀 కానీ ఆ 4.87 వెనుక ఒకటుంది. తుపానుకి టాంపా స్టేడియం పైకప్పు ఎగిరిపోయింది, 2025 అంతా యాంకీస్ వాళ్ల చిన్న మైదానంలో ఆడారు. బాజ్ అక్కడ దెబ్బలు తిన్నాడు, బయట ఊళ్లలో చాలా మెరుగు. 166 ఇన్నింగ్స్ వేశాడు, చెయ్యి ఆరోగ్యంగా ఉన్నట్టేగా. పరుగులు రావట్లేదని మీరే అంటున్నారు, అందుకే అలోన్సో. మీ వాదన నాకే పనికొస్తోంది!

నార్ఫోక్_సుజాత:
పరుగుల కోసం మన కుర్ర బ్యాటర్ కోబీ మేయో ఉన్నాడు కదా! నార్ఫోక్‌లో అతను కొట్టిన బంతులు ఇంకా దిగలేదు. పైన 2025లో సగటు .217, ఒప్పుకుంటా, కానీ అప్పటికి 23 ఏళ్లే. ఇప్పుడు ఫస్ట్ బేస్‌లో ఐదేళ్ల పాటు అలోన్సో. క్యాచర్లు రచ్‌మన్, బసాయో, ఆగస్టులో ఆ 21 ఏళ్ల బసాయోకి ఎనిమిదేళ్లకు 67 మిలియన్లు ఇచ్చారు, అతన్ని కూర్చోబెట్టలేరు. ఇద్దరిలో ఒకరు క్యాచర్ అయితే రెండోవాళ్లు డీహెచ్ (ఫీల్డింగ్ లేకుండా బ్యాటింగ్ మాత్రమే). ఫస్ట్ బేస్ ఆడే మౌంట్‌క్యాజల్ కూడా ఉన్నాడు. మూడు కుర్చీలు, ఐదుగురు మనుషులు. మళ్లీ స్టవర్స్ కథే అవుతుంది, చూడండి.

క్వీన్స్_కుర్రోడు:
మేయోని మాకు ఇచ్చేయండి, ఫస్ట్ బేస్ ఖాళీగా ఉంది. ఎందుకో మీకు తెలుసు.

లెక్కల_మాస్టారు:
.217 కొట్టిన ఏడాది తర్వాత అమ్మితే సగం ధర కూడా రాదు. అలాగని బెంచ్ మీద పెడితే ఆ సగమూ పోతుంది. కిరణ్, ఏడాది ఆలస్యమైందని నువ్వంటున్నావు చూడు, దాని ఖరీదు ఇదే. అమ్మడానికి ఆలస్యమైంది, ఆడించడానికి చోటు లేదు.

తూర్పుతీరం_బాబాయ్:
థర్డ్ బేస్ ఆడించొచ్చుగా? మొదట్లో అతను ఆడింది అక్కడేగా.

నార్ఫోక్_సుజాత:
అక్కడ వెస్ట్‌బర్గ్ ఉన్నాడు బాబాయ్ గారూ, కానీ అతను తరచూ గాయాలతో కూర్చుంటాడు, కాబట్టి మీ మాటలో దమ్ముంది. 2026 ఫిబ్రవరిలో ఫ్లోరిడాలోని సారసోటాలో సీజన్ ముందు క్యాంప్ మొదలవుతుంది కదా, మేయో ఏ గ్లవ్ పట్టుకుని దిగుతాడో చూస్తా. ఫస్ట్ బేస్ గ్లవ్ అయితే మాత్రం ఇదే థ్రెడ్‌లోకి వచ్చి మీ అందరి పేర్లూ పెట్టి తిడతా.