ఒకే ట్యాగ్, రెండు రంగుల పూలు: నన్ను మోసం చేశారా?

బనశంకరి_బాల్కనీ:
రెండేళ్ల క్రితం ఇక్కడే బెంగళూరులో ఒక నర్సరీ నుంచి రెండు ఫెలనాప్సిస్ ఆర్కిడ్ పిల్లమొక్కలు తెచ్చాను, రెండింటికీ ఒకే పేరున్న ట్యాగ్. ఈ నెల రెండూ పూశాయి. ఒకటి ముదురు గులాబీ, రెండోది పాలిపోయిన తెలుపు మీద చుక్కలు! నర్సరీ ఆయన్ని అడిగితే "రెండూ అదే మేడమ్" అని తేల్చేశాడు. ట్యాగ్ మార్చి అంటగట్టాడంటారా?

టెంక_మామిడి:
మోసం కాకపోవచ్చక్కా. పేరు చివర సింగిల్ కోట్స్‌లో ఇంకో పేరుందా? లేకపోతే అది గ్రెక్స్ పేరు మాత్రమే, ఇంటిపేరు లాంటిదనుకోండి. ఫలానా రెండు మొక్కల్ని క్రాస్ చేస్తే పుట్టిన పిల్లలన్నిటికీ అదే పేరు, ఏది తల్లి ఏది తండ్రి అన్నది తారుమారైనా మారదు. ఒక్క కాయలో వేలకు వేల గింజలు, అన్నీ ఒకేలా ఎందుకుంటాయి? బంగినపల్లి టెంక పాతితే బంగినపల్లే కాస్తుందని నమ్మకమేంటి, అంటు కట్టాలి కదా. ఆర్కిడ్లకు అంటు బదులు టిష్యూ కల్చర్, అంటే ల్యాబ్‌లో మొక్క ముక్క నుంచే కొత్త మొక్కల్ని పెంచడం, ఆ మొక్కల్ని మెరిక్లోన్లంటారు. కోట్స్‌లో పేరుంటే ఆ ఒక్క మొక్క, దాని నకళ్లు. పైగా ఇప్పటి ఫెలనాప్సిస్‌ల తల్లిదండ్రులే ఎన్నో తరాల హైబ్రిడ్లు, ఏ తాత పోలిక ఎక్కడ తేలుతుందో ఎవరికి తెలుసు.

అడయార్_మేడతోట:
మా చెన్నై ఎండకి నా ఫెలనాప్సిస్‌లు నిలవలేదండీ, డెండ్రోబియంలనే ఇంకో రకం ఆర్కిడ్లే దిక్కు. వాటిలో సోనియా అనేది సీజర్, టోమీ డ్రేక్ అనే రెండు డెండ్రోబియం హైబ్రిడ్లకు పుట్టిన గ్రెక్స్. మార్కెట్లో సోనియా 17, సోనియా 28 అని నంబర్లతో వచ్చేవి అందులోంచి ఏరి నకళ్లు తీసినవి. నకలైనా గ్యారంటీ లేదు, ల్యాబ్‌లో అదేపనిగా ముక్కలు చేసి పెంచుతుంటే ఎక్కడో ఒకటి తేడా కొడుతుంది. నా 17లో ఒకదానికి రేకులు సగం తెల్లగా వచ్చాయి. ఇప్పుడు ఇంట్లో అందరికీ అదే ముద్దు!

పేర్ల_పిచ్చోడు:
ఈ గ్రెక్స్ పేర్లన్నీ నమోదు చేసేది బ్రిటన్‌లోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ, 1961 నుంచి. అంతకుముందు శాండర్ అనే నర్సరీవాళ్ల జాబితా ఉండేది. ఇంకో తలనొప్పి ఏంటంటే, ఆస్కోసెంట్రమ్ అనే ఆర్కిడ్ ప్రజాతిని వాండా ప్రజాతిలో కలిపేశాక, ఆ రెండింటి హైబ్రిడ్లైన ఆస్కోసెండాలన్నీ వాండాలయ్యాయి, మొకారాలనే ఇంకో హైబ్రిడ్లు అరాండాలయ్యాయి, నర్సరీలు మాత్రం పాత పేర్లతోనే అమ్ముతాయి. కాబట్టి ట్యాగ్ పారేయకండి.

బనశంకరి_బాల్కనీ:
ఇప్పుడే చూశా, కోట్స్ లేవు. రెండు పేర్ల మధ్య ఇంటూ గుర్తుంది.

టెంక_మామిడి:
ఆ రెండూ తల్లిదండ్రుల పేర్లు. అయితే గింజమొక్కలే, ఆ క్రాస్‌కి ఇంకా పేరు కూడా పెట్టి ఉండరు. నర్సరీ ఆయన తప్పేం లేదు, విడమర్చి చెప్పలేదంతే. ఆ తెల్లది మీకు నచ్చకపోతే చెప్పండి, ఆదివారం వచ్చి పట్టుకుపోతా.

బనశంకరి_బాల్కనీ:
ఆశ దోశ! పొద్దున పూట దానికి సన్నగా వాసన కూడా వస్తోంది. గులాబీది కావాలంటే ఆలోచిస్తా.