రాష్ట్రమంతటా ఆరోగ్య విద్యార్థులకు గ్రామాల్లో శిక్షణ: కేంద్ర కార్యాలయం ఏది పట్టుకోవాలి, ఏది వదిలేయాలి?

ప్రశ్న (కొత్తగా బాధ్యత చేపట్టిన నిర్వాహకురాలు)

వైద్య, నర్సింగ్, ఫార్మసీ, దంతవైద్య, ఫిజియోథెరపీ విద్యార్థులను గ్రామీణ ప్రాంతాలకు పంపి అక్కడే శిక్షణ ఇప్పించే ఒక రాష్ట్రస్థాయి కార్యక్రమం నిర్వహణ ఇటీవల నా చేతికి వచ్చింది. ఒక ఆరోగ్య విశ్వవిద్యాలయం దీనికి ఆధ్వర్యం వహిస్తోంది. వేర్వేరు ప్రాంతాల్లో చిన్న ప్రాంతీయ కేంద్రాలున్నాయి. విద్యార్థులకు రోజూ పని నేర్పేది మాత్రం ఆ ప్రాంతాల్లో పనిచేస్తున్న వైద్యులు, నర్సులు, ఫార్మసిస్టులే. కాగితం మీద అంతా సవ్యంగా కనిపిస్తుంది. అయితే ఏ విద్యార్థి ఏ ఊరికి వెళ్లాలన్నది మొదలుకొని వసతి అద్దె బిల్లు వరకు ప్రతి ఫైలూ విశ్వవిద్యాలయానికే రావలసి ఉండటంతో, అనుమతి వెళ్లేసరికి పోస్టింగ్ సగం గడిచిపోతోంది. అధికారాలను ప్రాంతీయ కేంద్రాలకు వదిలేద్దామంటే, శిక్షణ ప్రమాణాలు ఒక్కోచోట ఒక్కోలా తయారవుతాయని కళాశాలలు అభ్యంతరం చెబుతున్నాయి.

మరో రెండు చిక్కులున్నాయి. ఎక్కువ మందిని రెండేసి వారాలు పంపడం మంచిదా, తక్కువ మందిని నెలల తరబడి ఉంచడం మంచిదా అన్నది ఒకటి. నిధులిచ్చేవారు తలల లెక్క అడుగుతుంటే, బోధించేవారు వ్యవధి చాలదంటున్నారు. రెండోది స్థానిక బోధకుల సంగతి. అదనపు పారితోషికమేమీ లేకుండా ఏళ్ల తరబడి విద్యార్థులను చేరదీసినవారు ఇప్పుడు ఒక్కొక్కరుగా తప్పుకుంటున్నారు. ఇలాంటి కార్యక్రమాలను నడిపినవారు, వాటిలో బోధించినవారు తమ అభిప్రాయం చెబితే మేలు.

సమాధానం 1 (ప్రాంతీయ కేంద్రంలో పనిచేసిన సభ్యుడు)

మీ మొదటి ప్రశ్న కొత్తది కాదు. వైద్య విద్యను పెద్ద ఆసుపత్రుల గోడలు దాటించి ప్రాంతీయ కేంద్రాలకు విస్తరించాలని అమెరికాలో ఉన్నత విద్యపై ఏర్పాటైన కార్నెగీ కమిషన్ 1970లో సూచించగా, 1971 నాటి చట్టం ఆధారంగా 1972లో ఏరియా హెల్త్ ఎడ్యుకేషన్ సెంటర్ల కార్యక్రమం మొదలైంది. మీ కార్యక్రమం లాగానే అందులోనూ పైన ఒక విశ్వవిద్యాలయం, కింద ప్రాంతీయ కేంద్రాలు ఉంటాయి. ఆ ఏర్పాటులో నాకు అన్నిటికంటే తెలివైనదిగా తోచే నిబంధన ఒకటుంది. కార్యక్రమానికి వచ్చే సమాఖ్య నిధుల్లో కనీసం 75 శాతం ప్రాంతీయ కేంద్రాలకే చేరాలి. ఈ నిబంధన లేకపోతే విశ్వవిద్యాలయాలు చెడ్డవై కాదు గానీ, డబ్బు ఉన్నచోటికే సిబ్బంది, సిబ్బంది ఉన్నచోటికే నిర్ణయాలు చేరుకోవడం ఏ సంస్థకైనా సహజం కాబట్టి, కొన్నేళ్లకు ప్రాంతీయ కేంద్రాలు పేరు పలకలుగా మాత్రమే మిగులుతాయి. నార్త్ కరోలినాలో తొమ్మిది ప్రాంతీయ కేంద్రాలు రాష్ట్రమంతటా నిలదొక్కుకోవడంలో, సమాఖ్య నిధుల మీదే ఆధారపడకుండా 1974లో రాష్ట్ర శాసనసభ తన నిధులు కేటాయించడం ముఖ్యపాత్ర వహించింది.

కాబట్టి నా సలహా ఇది. నేర్చుకోవలసిన నైపుణ్యాల జాబితా, మూల్యాంకనం, బీమా, కళాశాలలతో ఒప్పందాలు, సమాచార నిల్వ విశ్వవిద్యాలయం దగ్గర ఉండాలి. ఏ ఊరు, ఏ బోధకుడు, ఏ నెల, ఏ వసతి అన్నవి ప్రాంతీయ కేంద్రం తేల్చాలి. ఒక పరిమితికి లోబడిన ఖర్చును ముందస్తు అనుమతి లేకుండా పెట్టే అధికారం కూడా దానికే ఉండాలి, ఎందుకంటే వసతి గది తాళం పాడైతే బాగుచేయించడానికి ఫైలు నడిపే వ్యవస్థలో ఏ విద్యార్థీ నిశ్చింతగా ఉండలేడు.

ప్రమాణాల గురించి కళాశాలల భయం సగమే నిజం. ఒకచోట పొలం పనుల్లో గాయపడినవారు ఎక్కువగా వస్తారు, మరోచోట గర్భిణులు, ఇంకోచోట దీర్ఘకాలిక వ్యాధులున్న వృద్ధులు. కేసులు అన్నిచోట్లా ఒకేలా ఉండాలని పట్టుబడితే గ్రామీణ శిక్షణకు అర్థమే లేదు. అయితే, పెద్ద ఆసుపత్రికి పంపే రోగికి సరైన రిఫరల్ లేఖ రాయడం, తిరిగివచ్చిన రోగిని మళ్లీ కలిసి చికిత్స ఎలా సాగుతోందో చూడటం, ఇంటికి వెళ్లి మందుల వాడకాన్ని పరిశీలించడం వంటి పనులు విద్యార్థి చేయగలుగుతున్నాడా అని ఎక్కడైనా ఒకే కొలమానంతో అడగవచ్చు. కళాశాలల ముందు ఈ జాబితా పెడితే చర్చ తేలికవుతుంది.

సమాధానం 2 (గ్రామీణ ప్రాంతంలో వైద్యం చేస్తూ విద్యార్థులకు బోధించే సభ్యురాలు)

బోధకులు ఎందుకు తప్పుకుంటున్నారని మీరు అడిగారు కాబట్టి మొహమాటం లేకుండా చెబుతాను. డబ్బు లేకపోవడం ప్రధాన కారణం కాదు. విద్యార్థి వస్తున్నాడన్న కబురు రెండు రోజుల ముందు అందుతుంది. అతనికి ఇంతవరకు ఏమి వచ్చో, ఏమి రాదో ఎవరూ చెప్పరు. వైద్య కళాశాల ఒక లాగ్‌బుక్, నర్సింగ్ కళాశాల మరో లాగ్‌బుక్, విశ్వవిద్యాలయం ఇంకో ఫారం పంపుతాయి. అన్నీ నింపి పంపాక, మేం రాసిన వ్యాఖ్యలను ఎవరైనా చదివారన్న ఆనవాలు కూడా కనిపించదు. ఇంతమంది రోగుల మధ్య బోధనకు సమయం తీసే మనిషికి ఇంతకన్నా నిరుత్సాహం ఏముంటుంది?

దీనికి మందు మీ చేతిలోనే ఉంది. ఏడాది మొదట్లోనే అన్ని కళాశాలలకూ కలిపి ఒకే క్యాలెండరు తయారు చేయండి. ఏ బోధకురాలి దగ్గర ఏ నెలలో ఎందరు ఉంటారో అందులో ఆమె సమ్మతితోనే నమోదు కావాలి, విద్యార్థులు లేని నెలలు కూడా అందులో ఉండాలి. మూల్యాంకన ఫారం ఒక్కటే ఉండాలి, అది ఒక పేజీ దాటకూడదు. విశ్వవిద్యాలయ గ్రంథాలయంలోని వైద్య పత్రికలను ఇంటినుంచి చదువుకునే వెసులుబాటు, గౌరవ అధ్యాపక హోదా, బోధించిన గంటలకు నిరంతర వైద్య విద్య క్రెడిట్లు ఇవ్వడం విశ్వవిద్యాలయానికి పెద్ద ఖర్చు కాదు, మాకు మాత్రం ఎంతో విలువైనవి. ప్రాంతీయ కేంద్రంనుంచి ఒక మనిషి పోస్టింగ్ మధ్యలో స్వయంగా వచ్చి, విద్యార్థితో విడిగా, మాతో విడిగా మాట్లాడటం వీటన్నిటికంటే ముఖ్యం. ఇబ్బందిపడుతున్న విద్యార్థిని చివరి రోజు ఫారం ద్వారా కనిపెట్టి ప్రయోజనం లేదు.

వ్యవధి విషయంలో నా పక్షపాతాన్ని దాచుకోను. రెండు వారాల విద్యార్థి చుట్టపుచూపుగా వచ్చి వెళతాడు. మొదటి వారాల్లో ప్రతి విద్యార్థీ మా పనిని నెమ్మదింపజేస్తాడు, పక్కన నిలబడి అన్నీ అడగవలసి ఉంటుంది కాబట్టి అది తప్పదు. కొన్ని నెలలు గడిచాకే అతను రోగి చరిత్ర తీసుకుని, పరీక్షించి, మా ముందుంచి, మా భారాన్ని కొంత తగ్గిస్తాడు. రెండు వారాల పద్ధతిలో బోధకులకు ఎప్పుడూ ఆ నష్టపు వారాలే దక్కుతాయి, ఫలితం ఎన్నడూ అందదు. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయం 1971నుంచి మూడో ఏడాది వైద్య విద్యార్థులను తొమ్మిది నెలలపాటు గ్రామీణ సమాజాల్లో ఉంచుతూ వచ్చింది. ఆస్ట్రేలియాలో ఫ్లిండర్స్ విశ్వవిద్యాలయం 1997లో రివర్‌లాండ్ ప్రాంతంలో ఇలాంటి దీర్ఘకాలిక శిక్షణ ప్రారంభించింది. అక్కడ విభాగాలవారీగా వారాలు పంచకుండా, ఒకే రోగిని గర్భధారణనుంచి ప్రసవం దాకా, ఆ తర్వాత బిడ్డ టీకాల దాకా ఒకే విద్యార్థి అనుసరించగలుగుతాడు. ఊళ్లలో చదివితే పరీక్షల్లో వెనకబడతారన్న భయం అక్కడ నిజం కాలేదు. పెద్ద ఆసుపత్రిలో ఉన్నవారికి వీరు ఏమాత్రం తీసిపోలేదని ఆ విద్యార్థుల ఫలితాలను పోల్చి 2004లో ప్రచురించిన అధ్యయనం చూపింది.

సమాధానం 3 (ఆరోగ్య విధానాలను అధ్యయనం చేసే సభ్యుడు)

పై ఇద్దరి మాటలతో చాలావరకు ఏకీభవిస్తూనే, ఒక జాగ్రత్త చెప్పదలచాను. గ్రామంలో కొన్నాళ్లు ఉంచితే విద్యార్థి తర్వాత అక్కడే స్థిరపడతాడని నిధులిచ్చేవారికి మాట ఇవ్వకండి. దీర్ఘకాలిక శిక్షణను కోరి ఎంచుకునేవారిలో చాలామంది ముందే పల్లె వైపు మొగ్గు ఉన్నవారు. తర్వాత వారు పల్లెల్లో కొనసాగితే, ఆ ఘనతలో శిక్షణ వాటా ఎంత, స్వభావం వాటా ఎంత అన్నది విడదీయడం కష్టం.

గ్రామీణ నేపథ్యంనుంచి వచ్చినవారిని ప్రవేశ సమయంలోనే ఎంపిక చేసుకోవడం బలమైన ఉపాయమని అమెరికాలోని జెఫర్సన్ వైద్య కళాశాల 1974లో ప్రారంభించిన ప్రత్యేక ప్రవేశ పథకం అనుభవం చెబుతోంది. జపాన్‌లో 1972లో ఏర్పడిన జీచీ వైద్య విశ్వవిద్యాలయం మరింత దూరం వెళ్లింది. దేశంలోని 47 ప్రిఫెక్చర్లలో (పరిపాలనా ప్రాంతాల్లో) ప్రతిదానినుంచి ఇద్దరు ముగ్గురిని ఎంపిక చేసి, ఫీజు భారం లేకుండా చదివించి, దాదాపు తొమ్మిదేళ్లు సొంత ప్రిఫెక్చర్‌లో సేవచేయాలన్న షరతు పెట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఇచ్చి, 2021లో సవరించిన మార్గదర్శకాలు కూడా గ్రామీణ పోస్టింగులను ఒంటరి మందుగా చూపవు. విద్యార్థుల ఎంపిక, కళాశాలలు ఉండే చోటు, పాఠ్యాంశాలు, ఉద్యోగంలో చేరాక లభించే మద్దతు కలిసి నడవాలంటాయి. కాబట్టి మీ కార్యక్రమానికి ప్రవేశాల కమిటీలో ఒక కుర్చీ సంపాదించుకోవడం, ఇంకో పది ఊళ్లను జాబితాలో చేర్చడంకంటే లాభసాటి.

తక్కువ వ్యవధిని పూర్తిగా కొట్టిపారేయలేం. నర్సింగ్, ఫార్మసీ పాఠ్యక్రమాల్లో నెలల తరబడి ఖాళీ దొరకదు. ఏరియా హెల్త్ ఎడ్యుకేషన్ సెంటర్ల కింద నడిచే స్కాలర్స్ పథకంలో వేర్వేరు కోర్సుల విద్యార్థులు రెండేళ్లపాటు, ఏటా 40 గంటల తరగతి బోధన, 40 గంటల సమాజ అనుభవం చొప్పున కలిసి పూర్తిచేస్తారు. గంటలు తక్కువే అయినా రెండేళ్ల కొనసాగింపు వల్ల అది ఒక్కసారి వెళ్లివచ్చే యాత్రలా ఉండదు. వైద్య విద్యార్థులకు నెలలు, మిగిలినవారికి ఇలాంటి విడతలు అన్న రెండు దారులనూ పెట్టుకోవచ్చు.

సమాధానం 4 (సమాజ ఆరోగ్య నర్సింగ్ అధ్యాపకురాలు)

మీ చర్చంతా విద్యార్థి, బోధకుడు, విశ్వవిద్యాలయం మధ్యే తిరుగుతోంది. ఊరివారి ఊసు రాలేదు. ప్రతి బ్యాచ్ వచ్చి అవే ఇళ్ల తలుపులు తట్టి, అవే ప్రశ్నలు అడిగి, అవే రక్తపోటు అంకెలు రాసుకుని వెళ్లిపోతే, ఏ ఇంటివారు ఎన్నాళ్లు ఓపిక పడతారు? సేకరించిన సమాచారం తర్వాతి బ్యాచ్‌కు అందాలి. అంతకంటే ముందు, రక్తపోటు ఎక్కువగా ఉందని తేలిన మనిషి స్థానిక ఆరోగ్య కేంద్రం దాకా చేరాడా లేదా అన్నదానికి ఎవరో ఒకరు జవాబుదారీ కావాలి. భారతదేశంలో ఇప్పుడు ఎంబీబీఎస్ విద్యార్థులు మొదటి ఏడాదినుంచే కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని ఏళ్లపాటు అనుసరించే పద్ధతి ఉంది. సరిగ్గా నడిస్తే దానిలోని అసలు బలం ఈ కొనసాగింపే.

అదే దేశంలో 1977లో ఒక్కో వైద్య కళాశాలకు మూడేసి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలను అప్పగించి, సంచార వైద్యశాలల వాహనాలు కూడా ఇచ్చి ఒక పథకం తెచ్చారు. ఆలోచన మంచిదే, అయినా ఆశించినంతగా వేళ్లూనలేదు. పల్లె బాధ్యతను సమాజ వైద్య విభాగానికి వదిలేసి మిగతా విభాగాల అధ్యాపకులు దూరంగా ఉండిపోవడం దానికి ఒక ముఖ్య కారణం. విశ్వవిద్యాలయం తన చేతిలో ఏమి ఉంచుకోవాలో పైన చెప్పారు గానీ, దాని ప్రొఫెసర్లు ఊళ్లకు రావలసిన అవసరం గురించి ఎవరూ అనలేదు. శస్త్రచికిత్స విభాగం పెద్ద కనీసం అప్పుడప్పుడూ ప్రాంతీయ కేంద్రానికి వచ్చి కేసుల చర్చలో కూర్చోకపోతే, ఇది రెండో తరగతి చదువని విద్యార్థులకు ఎవరూ చెప్పనక్కర్లేకుండానే అర్థమవుతుంది.

ఇంకొక్క మాట. నర్సింగ్ విద్యార్థికి నర్సే బోధకురాలిగా ఉండాలి. అందరినీ వైద్యుడి గదిలో నిలబెట్టి దానికి సమష్టి శిక్షణ అని పేరు పెట్టడం నాకు నచ్చదు. విద్యార్థినులకు భద్రమైన వసతి, రాత్రి రాకపోకలకు వాహనం ఖరారు కాని ఊరిని, అక్కడి బోధకులు ఎంత గొప్పవారైనా, ఆ ఏడాది జాబితాలోంచి తీసేయడమే ఉత్తమం.

నిర్వాహకురాలి జవాబు

అందరికీ కృతజ్ఞతలు. ఖర్చు అధికారాల బదిలీ, ఒకే క్యాలెండరు, ఒకే ఫారం విషయాలను వచ్చే పాలకమండలి సమావేశంలో ప్రతిపాదిస్తాను. అయితే మండలి ఏడాది తిరిగేలోగా ఫలితాలు అడుగుతుంది. గ్రామాల్లో ఎందరు స్థిరపడ్డారన్నది అప్పటికి తేలదు కదా, ఏమి చూపించాలి?

సమాధానం 5 (సమాధానం 3 రాసిన సభ్యుడు)

వైద్య విద్యార్థి చదువు ముగించి, ప్రత్యేక శిక్షణ పొంది, ఒకచోట కుదురుకునేసరికి చాలా ఏళ్లు పడుతుంది కాబట్టి, స్థిరపడినవారి లెక్కను ఏడాదిలో అడగడం సరికాదని మండలికి ముందుగానే రాతపూర్వకంగా తెలియజేయండి. మొదటి ఏడాదికి నిజాయితీగా చూపగలిగేవి వేరే ఉన్నాయి. ఎంతమంది బోధకులు రెండో ఏడాదికి మళ్లీ ఒప్పుకున్నారు? చివరి నిమిషంలో రద్దయిన పోస్టింగులు తగ్గాయా? విద్యార్థి ఒకే రోగిని రెండోసారి కలవగలిగిన సందర్భాలు ఎన్ని? రిఫర్ చేసిన రోగుల్లో ఎందరు గమ్యం చేరారు? బోధకుల కొనసాగింపు పడిపోతే మిగిలినవన్నీ తర్వాతి ఏడాదిలో పడిపోతాయి కాబట్టి, నేనైతే మొదటి అంకెనే అన్నిటికంటే పైన పెడతాను.

దీర్ఘకాలిక లెక్కకు పునాది మాత్రం ఇప్పుడే వేయాలి. చదువు ముగిశాక కూడా సంప్రదించడానికి ప్రతి విద్యార్థి సమ్మతిని చేరిన రోజే తీసుకోండి, ఎందుకంటే కళాశాల ఈమెయిల్ చిరునామాలు పట్టాతోపాటే మూతపడతాయి. అతని స్వస్థలం గ్రామీణమా కాదా, పోస్టింగ్‌ను తానే కోరుకున్నాడా, కేటాయిస్తే వచ్చాడా, ఎన్ని వారాలు ఉన్నాడు అన్న వివరాలు అప్పుడే నమోదు కావాలి, తర్వాత గుర్తుచేసుకుని రాస్తే వాటికి విలువ ఉండదు. కార్యక్రమంలో చేరని తోటి విద్యార్థుల గురించి కూడా ఇవే వివరాలు కళాశాలలనుంచి పొందేలా ఒప్పందంలో ఒక నిబంధన పెట్టండి. పోల్చడానికి ఎవరూ లేకపోతే, పదేళ్ల తర్వాత మీ స్థానంలో ఉన్నవారి దగ్గర అంకెలుంటాయి గానీ, వాటినుంచి తేల్చగలిగేదేమీ ఉండదు.