అప్‌డేట్: అన్నయ్యకు సైకియాట్రిస్టు అపాయింట్‌మెంట్ దొరికింది

మా అన్నయ్యను మొదటిసారి ప్రైవేటు సైకియాట్రిస్టుకు చూపించాలి, ఏమేం సిద్ధం చేసుకోవాలని అడిగాను కదా. అపాయింట్‌మెంట్ దొరికింది. తేలిన విషయాలు ఇవి.

ఫోన్‌లోనే డాక్టరు డిగ్రీ అడగండి: ఎం.డి. సైకియాట్రీ, డి.ఎన్.బి. సైకియాట్రీ లేదా డి.పి.ఎం. (సైకియాట్రీలో డిప్లొమా) ఉండాలి. సైకాలజిస్టులు మందులు రాయరు. మొదటి విజిట్‌కి ఎంతసేపు ఇస్తారో, రివ్యూకి మళ్లీ ఫీజు ఉందో లేదో కూడా అప్పుడే తేల్చుకోవాలి.

అన్నిటికంటే పనికొచ్చేది ఒక్క పేజీ కాగితం. ఇబ్బంది ఎప్పుడు మొదలైంది, నిద్ర ఎన్ని గంటలు, మద్యం అలవాటు, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా. ‘మందులు వాడాం, పనిచేయలేదు’ అంటే డాక్టరుకి ఏమీ అర్థం కాదు. పేరు, మిల్లీగ్రాములు, ఎన్ని వారాలు వాడారో రాయాలి. యాంటీడిప్రెసెంట్ల (డిప్రెషన్ మందుల) ఫలితం సరిగ్గా తెలియడానికి 4-6 వారాలు పడుతుంది, పది రోజులకే మానేస్తే ఆ మందు పనిచేయనట్టు కాదు. ఖాళీ స్ట్రిప్పులు పట్టుకెళ్లడం మేలు, పేర్లు నోటితో చెబితే తప్పులొస్తాయి. నిద్రలేకపోయినా అలసట లేకుండా, మితిమీరిన హుషారుతో గడిపిన రోజులుంటే తప్పక చెప్పండి: బైపోలార్ (అతి హుషారు, దిగులు విడతలుగా వచ్చే జబ్బు) అయితే ఉత్త డిప్రెషన్ మందు బెడిసికొట్టొచ్చు.

థైరాయిడ్, బి12 పాత రిపోర్టులుంటే చాలు, ముందే కొత్తవి చేయించక్కర్లేదు. లిథియం (బైపోలార్‌కి ఇచ్చే మందు) వాడుతుంటే, రక్తంలో దాని లెవెల్ పరీక్షకి మాత్రం చివరి డోసు తర్వాత 12 గంటలకు రక్తం తీయాలి. డాక్టరు చూస్తారు కదా అని వాడుతున్న మందులు ఆపొద్దు.

ఈలోపు మాట్లాడాలంటే టెలి మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416, తెలుగులోనూ, ఉచితం. చచ్చిపోతానన్న మాట వస్తే అపాయింట్‌మెంట్ తేదీ దాకా ఆగకుండా నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి.