1600కు ముందు ఊరిపేరుతో ఉన్న ఆడవాళ్ళ పేరు ఏ శాసనంలో ఉంది?

అమెరికాలో మధ్యయుగాల జీవితాన్ని వేషభాషలతో ఆడి చూపే ఒక సంఘంలో సభ్యురాలిని. అక్కడ పేరు, డాలు మీద గుర్తు రిజిస్టర్ చేయించుకోవాలి. నీలం మీద ఎర్ర వరాహం దూరానికి కనబడదని తిప్పి పంపారు; పసుపు వరాహం పెడితే ఒప్పుకున్నారు. పేరే తేలడం లేదు. "అనుమకొండ మైలమ" అని రెండుసార్లు పంపాను. మైలమకు బయ్యారం చెరువు శాసనం, ఊరికి 1163 నాటి వేయిస్తంభాల గుడి శాసనం చూపించాను. రెండు మాటలూ సరేనట, ఆ కాలపు స్త్రీలు ఊరిపేరు ముందు పెట్టుకున్నారనడానికి రుజువేదీ అంటున్నారు. (మనకైతే ఇది అడగాల్సిన ప్రశ్నే కాదు!) నాకు దొరికినవన్నీ తండ్రి పేరుతోనో భర్త పేరుతోనో ఉన్నవే. గడువు ఇంకా 3 వారాలే. ఊరిపేరో ఇంటిపేరో ముందున్న మామూలు స్త్రీ పేరు కాకతీయ, విజయనగర కాలాల శాసనాల్లో ఎక్కడుందో, ఏ సంపుటంలో అచ్చయిందో చెప్పగలరా?